తాతగారి మీసం జాగ్రత్త!

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే హాల్లోని తాతగారి తైలవర్ణ చిత్రం మసకబారి కనిపిస్తుంది. ఇంకేం, తడిగుడ్డ తెచ్చి ఓ పట్టు పట్టేస్తారు. నాగారంలో కొత్తగా కట్టుకున్న ఇంట్లోనైనా, పాతబస్తీ లోగిల్లోనైనా జరిగేది ఇదే. గుడ్డకు నల్లగా అంటుకుంటే 'ఎంత మురికో!' అనుకుంటారు. అందులో తాతగారి మీసం కూడా కొంత ఉండొచ్చు మరి.

కాన్వాసు బొమ్మంటే ఒక్క పొర కాదు. అడుగున గుడ్డ, దానిమీద తెల్లపూత, ఆపైన నూనె రంగులు, అన్నిటికీ పైన వార్నిష్. గాల్లో తేమ మారినప్పుడల్లా గుడ్డ కదులుతుంది. ఏళ్ల తరబడి ఎండి గట్టిపడిన రంగు దాంతోపాటు కదల్లేదు. పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగితే పెచ్చులు లేస్తాయి.

అందుకే చిత్రాల సంరక్షకులు ముందుగా చేసే పని... చూడటమే! పక్కనుంచి లైటు వేసి ఎక్కడ పొర లేచిందో గమనిస్తారు. చీకటి గదిలో అతినీలలోహిత దీపం వెలిగిస్తే పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంది. తర్వాతెవరో దిద్దిన చోట్లు నల్లటి మచ్చల్లా బయటపడతాయి. శుభ్రం చేసేది పుల్లకు చుట్టిన దూదితో, అదీ ఓ మూల పరీక్షించాకే. దేంతో తడుపుతారో తెలుసా? చాలాసార్లు ఉమ్మితో! లాలాజలంలోని ఎంజైములు మురికిని సున్నితంగా వదిలిస్తాయి. ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి.

రంగు ఊడిన చోట మాత్రమే దిద్దుతారు. అసలు రంగుమీద చుక్క కూడా పడకూడదు. వేసిందాన్ని రేపు ఇంకొకరు తీసేయగలగాలి. బొమ్మలేసే చెయ్యి ఇక్కడే ఊరుకోదు, 'ఇంకాస్త బాగు చేద్దాం' అంటుంది. శిక్షణలో కష్టమంతా ఆ చేతిని ఆపడమే. 1925లో 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూసిన దామెర్ల రామారావు బొమ్మల్ని రాజమండ్రి గ్యాలరీలో చూసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఆయన మళ్లీ వచ్చి వేయలేడు కదా.

రవివర్మ చిత్రాలున్న మన సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణకు ప్రత్యేకంగా ల్యాబ్ ఉంది. ఈ విద్య నేర్పే జాతీయ పరిశోధనాలయం 1976లో లక్నోలో మొదలైంది. ఢిల్లీ నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌లో దీనికి ఎం.ఏ. పెట్టారు, ఆ సంస్థ ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్. కెమిస్ట్రీ చదివినవాళ్లకు బొమ్మ అర్థం కావాలి, బొమ్మలేసేవాళ్లకు కెమిస్ట్రీ. రెండూ ఇష్టమైన పిల్లలుంటే ఇంజినీరింగ్ ఒక్కటే దారనకండి.

ఇక ఇంట్లోని తాతగారి సంగతి. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడమీద నుంచి, దీపం పొగ తగిలేచోటి నుంచి ఆయన్ను తప్పించండి. ఫ్రేమ్ వెనక చిన్న బెండు ముక్కలు పెడితే గాలాడుతుంది. పెచ్చులు లేవకపోతేనే పొడి మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. లేస్తే ముట్టుకోవద్దు.