గుంటూరు నేర్పిన పాఠము

2024 జనవరి 28వ తేదీన గుంటూరులో గల్లా జయదేవ్‌గారు రాజకీయములనుండి తప్పుకొని తిరిగి వ్యాపారమునకు బోవుచున్నట్లు ప్రకటించిరి. పదేండ్లు గుంటూరు పక్షమున లోక్‌సభయందు గూర్చుండిన ప్రతినిధి వారు. రెండు పడవలపై కాళ్లుంచి ప్రయాణము సాగదని వారి మాటల సారాంశము. పదవికై ప్రాకులాడువారే హెచ్చుగానున్న కాలమున పదవిని విడుచుట నింద్యము కాదు. కాని యేల విడువవలసివచ్చెనో గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులును పట్టణవాసులును ఆలోచింపవలసియున్నది.

జయదేవ్‌గారిది చిత్తూరు సీమ. మాతామహులు పాటూరి రాజగోపాలనాయుడుగారు స్వాతంత్ర్యసమరయోధులు. 1980లో ఏర్పడిన లోక్‌సభలో వారు చిత్తూరు సభ్యులుగాను, ఆచార్య రంగాగారు గుంటూరు సభ్యులుగాను ఉండిరి. తల్లి అరుణకుమారిగారు రాష్ట్రమంత్రిగా పనిచేసిరి. తండ్రి రామచంద్రనాయుడుగారు అమెరికానుండి తిరిగివచ్చి 1985లో అమర రాజా సంస్థను స్థాపించిరి. తిరుపతి చెంత తయారైన బ్యాటరీ దేశమంతట మోటారుబండ్లలో చేరినది. ఇట్లు దేశసేవయు పరిశ్రమయు ఆ యింట రెండును కలవు.

2014లో తెలుగుదేశము పక్షమున 69 వేలకు పైబడిన ఆధిక్యముతో జయదేవ్‌గారు గెలిచిరి. 2019లో ఆ పక్షమునకు రాష్ట్రమందలి 25 స్థానములలో 3 మాత్రమే దక్కగా, అందొకటి గుంటూరు. ఆధిక్యము 4,205 ఓట్లు. 2018 జూలై 20న కేంద్రప్రభుత్వముపై అవిశ్వాసతీర్మానపు చర్చను ప్రారంభించినది వారే. తీర్మానమునకు అనుకూలముగా 126, ప్రతికూలముగా 325 ఓట్లు వచ్చెను. తీర్మానము వీగినది, విభజన చట్టమందలి వాగ్దానముల మాట మాత్రము దేశము వినెను. 2020 జనవరిలో రాజధాని రైతుల పక్షమున నిలిచి నిర్బంధమునకు గురియైరి.

2021 ఏప్రిల్ 30న రాష్ట్ర కాలుష్యనియంత్రణ మండలి చిత్తూరు జిల్లాలోని అమర రాజా కర్మాగారములను మూయవలసినదిగా నాజ్ఞాపించెను. హైకోర్టు మే నెలలో ఆ యాజ్ఞను తాత్కాలికముగా నిలిపినది. ప్రజారోగ్యరక్షణమని ప్రభుత్వమువారనిరి, రాజకీయకక్ష యని ప్రతిపక్షమువారనిరి. 2022 డిసెంబరులో ఆ సంస్థ రూ. 9,500 కోట్ల నూతనపరిశ్రమను మహబూబ్‌నగరు జిల్లాలో నెలకొల్పుటకు తెలంగాణ ప్రభుత్వముతో నొప్పందము చేసికొనెను.

సీసపు ధూళి కార్మికునకు, వాని బిడ్డలకు విషమే. ధనికుని కర్మాగారమైనంతమాత్రమున చట్టము కన్ను మూసికొనరాదు. కాని చట్టము కన్ను తెరచినపుడెల్ల "ఇది న్యాయమా, కక్షయా?" యని ప్రజ సందేహింపవలసివచ్చుట రాజ్యమునకు సిగ్గుచేటు. కర్ర యున్నవానిదే బర్రె యను నీతి పాలనమున జొచ్చినచో నిజమైన కాలుష్యమును అరికట్టు ఆజ్ఞను సైతము ఎవరును నమ్మరు.

ధనికుడు లంచమున కాశపడడు, కావున స్వతంత్రుడని మనవారి వాదము. కోల్పోవలసినది హెచ్చుగా నున్నవానిని బెదరించుటకు ద్వారములును హెచ్చేయని వారు మరచుచున్నారు. అనుమతి, తనిఖీ, పన్ను, అప్పు - ఇన్ని త్రాళ్లు ప్రభుత్వము చేతిలో నుండగా వేలమంది కార్మికుల జీవనము తనపై నున్న యజమాని యెంతకాలము నిర్భయముగా మాటలాడగలడు? 1980 మొదలు మూడుమారులు గుంటూరు ఎన్నుకొన్న రంగాగారి బలము కర్మాగారమున లేదు, కర్షకులలో నుండెను.

తప్పు పాలకులదే కాదు, మనదియు నున్నది. 2024లో జయదేవ్‌గారి స్థానమున నిలిచిన పెమ్మసాని చంద్రశేఖర్‌గారు రూ. 5,700 కోట్లకు మించిన కుటుంబాస్తిని ప్రకటించి, 3 లక్షల 44 వేలకు పైబడిన ఆధిక్యముతో గెలిచి కేంద్ర సహాయమంత్రియైరి. మా యాక్షేపణ వారిపై గాదు. కోట్లు లేనివాడు అభ్యర్థియే కాజాలడని పార్టీలు తలచుటపైనను, మనము తల యూపుటపైనను మా యాక్షేపణ. మిర్చియార్డులో ధర పడిపోయిన నాడు, ప్రత్తి తడిసిన నాడు, ఒంగోలు పొగాకు వేలము నిలిచిన నాడు రైతు గోడు వినిపించుటకు ధనము గాదు, వెరపులేని నాలుక కావలెను.

కావున మేము కోరునవి మూడు. నియంత్రణ మండలులు మంత్రుల కనుసన్నల నుండరాదు. వాని తనిఖీలును, కారణములును ప్రజల యెదుట నుండవలెను, మిత్రునకును శత్రువునకును ఒకే కొలత యుండవలెను. పరిశ్రమ గల సభ్యుడు తన వ్యాపారమునకు సంబంధించిన చర్చలో ఆ సంబంధమును ముందే చెప్పవలెను. ఎన్నికల వ్యయమును నిజముగా నదుపుచేసి, సామాన్యునకు ద్వారము తెరవవలెను.

జయదేవ్‌గారు మరల వత్తురో రారో వారి యిష్టము. పరిశ్రమను కాపాడుకొనుటకు గొంతు విడువవలసిన దుస్థితి ఏ ప్రతినిధికిని రాకుండ చూచుట మాత్రము మన విధి. గొంతు పోయినది ప్రతినిధిది కాదు, గుంటూరుది.