డాక్యుమెంటరీకి చప్పట్లే.. చేయూత ఏదీ?

నీలగిరి జిల్లా ముదుమలైలో అనాథ ఏనుగు పిల్లల్ని సాకిన బొమ్మన్, బెల్లి దంపతుల కథకు 2023లో ఆస్కార్ వచ్చింది. అభినందనలు వెల్లువెత్తాయి. కానీ ఆ చిత్రం వెనుక నిలిచింది నెట్‌ఫ్లిక్స్. పెద్ద సంస్థ కన్ను పడని దర్శకుడి గతేంటి?

1948లో పుట్టిన ఫిల్మ్స్ డివిజన్‌ను 2022లో ఎన్ఎఫ్‌డీసీలో కలిపేశారు. సినిమాకు ముందు దాని న్యూస్‌రీళ్లు చూసి విసుక్కున్న తరానికి అది సర్కారు ప్రచారమే కావచ్చు. అయినా డాక్యుమెంటరీకంటూ ఓ గూడు ఉండేది.

అంతకంటే గట్టి దెబ్బ 2021లో తగిలింది. సెన్సార్ బోర్డు కాదంటే మొరపెట్టుకునే అప్పిలేట్ ట్రైబ్యునల్‌ను కేంద్రం రద్దు చేసింది. ఇక హైకోర్టే దిక్కు. కోట్లు పెట్టే నిర్మాతకు లాయరు ఫీజు లెక్కలోది కాదు. అప్పు చేసి కెమెరా పట్టినవాడికి అదే ఇంకో సినిమా ఖర్చు.

ఒక్కటిగా నిలబడితే ఫలితం ఉంటుందనడానికి 2004 ముంబయి చిత్రోత్సవమే సాక్ష్యం. స్వదేశీ చిత్రాలకే సెన్సార్ సర్టిఫికెట్ అడగడంతో దర్శకులు తిరగబడ్డారు. నిబంధన వెనక్కి పోయింది. తీరా ఎంపికలో చాలా చిత్రాల్ని పక్కన పెడితే, వాటిని ‘వికల్ప్’ పేరుతో విడిగా ప్రదర్శించుకున్నారు.

తీయడం ఒక ఎత్తు, దాచడం మరో ఎత్తు. హైదరాబాద్ 1984 అల్లర్లపై బెంగళూరు దర్శకురాలు దీపా ధన్‌రాజ్ 1986లో తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో’ను పునరుద్ధరించింది ఎవరో కాదు, బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ. ఆ పని హైదరాబాదో బెంగళూరో చేయాల్సింది.

కేరళ 2008 నుంచి తిరువనంతపురంలో డాక్యుమెంటరీలు, లఘుచిత్రాలకు ప్రత్యేక ఉత్సవం నడుపుతోంది. పొరుగు రాష్ట్రాలు జిల్లాకో ప్రభుత్వ హాలు, నెలకో సాయంత్రం కేటాయించినా పెద్ద ఖర్చేం కాదు.