భుజమునకు తగిన తుపాకి

గోష్పాదరేవు కల కొవ్వూరునుండి జింకల వేటను గూర్చి వ్రాయుట కొందరికి విపరీతముగా తోచవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది మొదలు మన పాపికొండలలో దుప్పిపై తుపాకి ఎత్తుట నేరము, అది నేరముగా నుండుటయే నాకు సమ్మతము. అయినను మన డెల్టా గ్రామములనుండి టెక్సాసు చేరిన ఆడపడుచులకు, నవంబరు మొదటి శనివారమున సాధారణముగా ఆరంభమగు అచ్చటి వేట చట్టసమ్మతమే గనుక, వారిలో నొకతె తొలిసారి తుపాకి పట్టదలచినచో ఏది కొనవలెనను ప్రశ్న పుట్టక మానదు.

ఆ ప్రశ్నకు ముందుగా బదులు చెప్పువాడు భర్తయో, భర్త స్నేహితుడో అగుటయే చిక్కు. తన కిష్టమైన 30-06 రైఫిలునే అతడామె చేతికిచ్చును. 1906లో అమెరికా సైన్యమునకై పుట్టిన ఆ తూటా గొప్పదే. కాని మొదటి దెబ్బకే భుజమదరునట్లు తన్నిన తుపాకిని మరల పేల్చబోవునపుడు ముందుగానే కన్నుమూయుట మనుష్యస్వభావము, కన్నుమూసి మీట నొక్కినవారి గుండు ముంగాలి వెనుకనున్న గుండెకు, ఊపిరితిత్తులకు తగులక పొట్టలో దిగును, ఆ మూగజీవి పొదలలో పడి గంటలకొలది యాతనపడును. తన్ను తక్కువ తుపాకిని కోరుట సౌకుమార్యమని నవ్వువారు ఆ యాతనను తలచుకొందురు గాక.

1955లో వెలువడిన .243 వించెస్టరు గుండు వంద గ్రెయిన్లు, అనగా ఇంచుమించు ఆరున్నర గ్రాములు. సమానమైన బరువుగల రైఫిళ్లలో దాని తన్ను 30-06 తన్నులో సగము మాత్రమే. వంద గజముల దూరముననున్న తెల్లతోక జింకకు అది చాలును. కొంత బరువైన గుండు కావలెనన్నచో 1980 నాటి 7 మి.మీ.-08 రెమింగ్టను ఉన్నది.

ఇక అంగడివాడు, స్త్రీలకు తేలికైనదే మేలని, ఈకవంటి తుపాకిని చూపును. తూటా ఒకటే యైనపుడు తేలికైన తుపాకియే గట్టిగా తన్నునని అతడు చెప్పడు. చూడవలసినది మడమ కొసనుండి మీట వరకుగల పొడవు: సామాన్యపు రైఫిలులో అది పదమూడున్నర అంగుళములకు పైమాటే, పొట్టిచేతులవారు మెడ సాచి, మోచేయి విరుచుకొని గురి చూడవలసివచ్చును. పన్నెండున్నర అంగుళముల పొట్టిమడమ రకములు దొరకుచున్నవి. అవి పిల్లలవని పేరుపడినంతమాత్రమున సిగ్గుపడనక్కరలేదు.

1971 సెప్టెంబరు 2న గాని ఆ పిమ్మట గాని జన్మించినవారు టెక్సాసులో వేటగాండ్ర శిక్షణను ముగించవలెను. దానితోపాటు చెవులకు కప్పులు పెట్టుకొని, తన్నే లేని చిన్న .22 రైఫిలుతో కాగితపు గురిపై చేయి కుదుర్చుకొనుట ఉత్తమము. సొమ్ము మిగిలినచో పెద్ద దుర్భిణి కొనక, తూటాలు కొనవలెను.

— గౌతమీతీరవాసి