నోట్ చేసుకున్నాం అంటే చాలదు!

1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 1995లో నియమాలొచ్చాయి. 17వ రూలేమంటుంది? కలెక్టరు అధ్యక్షతన జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెల్లకొకసారైనా కూర్చోవాల. డివిజన్‌లో అయితే ఆర్డీఓ కూర్చోవాల. పులివెందుల కూడా 2022లో డివిజనయింది. కుర్చీలకేం కొదవలేదు.

కూర్చొని ఏం చేస్తారనేదే మా గొడవ. మేం పోయిన ఒక మీటింగులో (ఊరి పేరెందుకులే) గంటసేపు రోడ్లేశాం, లోన్లిచ్చాం అని చదివినారు. ఆ లెక్కలకు ఈ కమిటీ ఎందుకు? కూలి పోగొట్టుకొని వచ్చిన బాధితురాలు లేచి "నా కేసేమైంది సారూ" అంటే "నోట్ చేసుకున్నాంలేమ్మా" అన్నారు. టీలొచ్చినాయి. మీటింగయిపోయింది. ఆ నోటు ఏ బీరువాలో నిద్రపోతాందో!

జమ్మలమడుగైనా, ప్రొద్దుటూరైనా, పులివెందులైనా చట్టం ఒకటే. ఒక్కో ఎఫ్ఐఆర్ తీసి చదవండి. 60 రోజుల్లో ఛార్జిషీటు పడిందా? 7 రోజుల్లో సాయం చేతికందిందా? లేకుంటే ఎవరి బల్ల మీద ఆగింది? ఆ అధికారి హోదా, గడువు తేదీ మినిట్స్‌లో రాయాల. పోయినసారి మినిట్స్ తెలుగులో చదివినాకే కొత్త మాట ఎత్తాల. డీఎస్పీకి బదులు ఎవర్నో పంపిస్తే ఒప్పుకోం.

బాధితులారా! ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాల్సిందే. అడిగి తీసుకోండి, వచ్చే మీటింగుకు చేతబట్టుకొని రండి.