రిపోర్టు తేలని దినములు



గర్భసంచి లోపలి పొరకు వచ్చిన క్యాన్సరును తొలి స్టేజిలోనే కనుగొని ఆపరేషను చేసినప్పుడు ఇంటిల్లిపాది దేవునికి స్తోత్రము చెల్లిస్తారు. అది తగినదే. అయితే ఆ తరువాత వచ్చే బయాప్సీ రిపోర్టు ఏ సంగతీ తేల్చకపోతే? విశాఖపట్నం ఆటోనగర్‌లో షెడ్డు పనికి వెళ్లే భర్త, బడికి వెళ్లే పిల్లలు, కుట్లు ఇంకా మానని తల్లి, ఇటువంటి ఇంటిని తలంచుకొని ఈ నెల వ్రాయుచున్నాము.

తీసిన గర్భసంచిని పలుచని ముక్కలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. వ్యాధి కండరపు గోడలో సగము దాటినదా, కణముల తీరు ఎట్లున్నది, సన్నని నాళములలోనికి చేరినవా అని పరిశీలిస్తారు. నాళములలో ఏదో ఒక చోట మాత్రమే కనబడినప్పుడు, లేక పి53 వంటి పరీక్ష స్పష్టముగా రానప్పుడు, ఇద్దరు డాక్టర్లు రెండు విధములుగా చెప్పవచ్చును. పైగా 2023లో స్టేజీల లెక్కే మారినది. 2009 నాటి లెక్కలో ఒకటవ స్టేజి అయినది కొత్త లెక్కలో రెండవదిగా వ్రాయబడవచ్చును. కాగితము మీద అంకె మారినంత మాత్రమున వ్యాధి పెరిగినట్లు కాదు.

తేలలేదంటే చెడు కబురని కాదు, ఇక చింత లేదనీ కాదు. అడగవలసిన ప్రశ్న మిగిలియున్నదని అర్థము. ఆసుపత్రిలో భద్రపరచిన స్లైడులను, మైనపు దిమ్మెలను అడిగి తీసికొని మరొక చోట చూపించవచ్చును. టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఆటోనగర్ వారికి దగ్గరలోనే, అగనంపూడిలో ఉన్నది.

మనవారు 'కరెంటు పెట్టడము' అనే రేడియేషను పేరు వినగానే బెదరనక్కరలేదు. నెదర్లాండ్స్‌లో 427 మంది స్త్రీలతో జరిగిన పోర్టెక్-2 పరిశోధన 2010లో వెలువడినది. లోపలి నుండి కొద్దిసార్లు ఇచ్చే కరెంటు, పైనుండి వారముల తరబడి ఇచ్చేదానివలెనే యోని భాగములో వ్యాధి తిరిగి రాకుండ కాపాడినదనీ, విరేచనముల బాధ తక్కువనీ అందులో తేలినది. ఏ చికిత్సా ఇవ్వక కనిపెట్టి చూచుట కూడ కొందరికి సరియైన వైద్యమే. అయితే డాక్టరు చెప్పిన గడువుకు చెకప్ మానరాదు. మొదటి రెండు మూడేండ్లు మరీ ముఖ్యము. మరల రక్తము కనబడినా, కడుపులోగాని నడుములోగాని నొప్పి విడువకున్నా గడువు వరకు ఆగక వెళ్లవలెను.

"ప్రార్థన చేసితిమి గదా, మరల పరీక్షలెందుకు? అవిశ్వాసము కాదా?" అని కొందరందురు. హిజ్కియా రాజునకు దేవుడు పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేసెను. అయినను యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద పెట్టించెను. వాగ్దానమును మందును ఒకే ఇంటిలోనికి వచ్చినవి.

సంఘమునకు ఒక మాట. రిపోర్టు తేలకముందే ఆ సహోదరిని సాక్ష్యము చెప్పుమని నిలువబెట్టకుడి. ఆమె నవ్వుచు స్తోత్రమని చెప్పి, రాత్రి ఒంటరిగా ఏడ్చును. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతనితో నేలమీద కూర్చున్నంతవరకు మేలు చేసిరి. కారణములు చెప్పబూనినప్పుడే గాయపరచిరి. చెకప్ దినమున ఆమెతో ఒకరు వెళ్లుడి, ఒకరు పిల్లలకు అన్నము వండుడి, ఒకరు దారిఖర్చు చేతిలో పెట్టుడి.

సహోదరీ, రేపటి రిపోర్టు నీకు తెలియకపోయినను నిన్నెరిగినవాడు ప్రభువు. ఆయన సమాధానము మీ గృహమునకు తోడైయుండును గాక. ఆమేన్.