ముందు చెవులకు చదువు చెప్పండి

పదేళ్లు ఇంగ్లీషు చదివిన పిల్లవాడికి, ఫోనులో అవతలి మనిషి రెండు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే గొంతు తడారిపోతోంది. తప్పు వాడిది కాదు. అన్నేళ్లూ కళ్లతో చదివించారు, చేత్తో రాయించారు, చెవుల్ని గాలికొదిలేశారు. చదువు పేరిట జరుగుతున్న ఈ అన్యాయాన్ని ఇంకా ఎన్నాళ్లు సహిద్దాం?

తరగతిలో జరిగేదేమిటి? టీచరు ఓ వాక్యం చదువుతారు, ఆ వెంటనే తెలుగులో అర్థం చెప్పేస్తారు. అర్థం ఎలాగూ తెలుగులో అందుతుంటే పిల్లవాడు ఇంగ్లీషు చెవిన పెట్టడమెందుకు? వినిపించాల్సిన పాఠాలు పుస్తకం చివర అచ్చయ్యే ఉంటాయి. సిలబస్ పూర్తిచేసే హడావిడిలో ఆ పేజీల ముఖం చూసేవారు అరుదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో విని జవాబు రాయాల్సిన ప్రశ్న ఒక్కటీ ఉండదు మరి! మార్కులు రానిదాన్ని మన బడి పట్టించుకోదు.

మన తెలుగులో ప్రతి అక్షరాన్నీ పలుకుతాం. ఇంగ్లీషులో ఊనిక పడ్డ మాటే నిలబడుతుంది, పక్కవి నలిగిపోతాయి. పుస్తకంలోని ‘వాట్ డు యూ వాంట్ టు ఈట్’ మనిషి నోట ‘వడ్యా వానా ఈట్’ అయిపోతుంది. అమెరికన్ ‘క్యాంట్’ అన్నప్పుడు చివరి ‘ట్’ తరచూ వినిపించదు. వస్తానన్నాడో రానన్నాడో ఊనికను బట్టి పోల్చుకోవాలి. ఏ వ్యాకరణ సూత్రం బట్టీపడితే ఇది పట్టుబడుతుంది? వినాలి, మళ్లీ వినాలి. వేరే దారి లేదు.

బడి ఎగ్గొట్టిన ఈ పనికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? విదేశాలకు వెళ్లాలనుకునేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో వినే భాగం అరగంట, 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే. మొదటి భాగం ఇద్దరి మధ్య మామూలు సంభాషణ, రెండోది ఒకరి చిన్న ప్రసంగం. బడిలో ఉచితంగా అబ్బాల్సిన ఈ విద్య కోసం అప్పుచేసి మరీ కోచింగ్ సెంటర్ల గడప తొక్కుతున్నారు. ఆ అప్పు పుట్టని ఇంటి పిల్లల గతేమిటి?

తెలంగాణ 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం విస్తరించింది. ఆంధ్రప్రదేశ్ 2023లో బడి పిల్లలకు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం ఒప్పందం చేసుకుంది. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో పుట్టిన సంస్థ, నేటి ఇఫ్లూ, హైదరాబాద్‌లోనే ఉంది. ఇంత జరిగాక కూడా పల్లె బడి పిల్లవాడు రోజుకు పది నిమిషాలు మంచి ఇంగ్లీషు వినలేకపోతే, అది పాలకుల నిర్లక్ష్యం కాక మరేమిటి?

దీనికి కోట్లు అక్కర్లేదు. ఒక ఫోను, ఒక స్పీకరు చాలు. టికెట్ కౌంటరు దగ్గరి మాటలో, డాక్టరు చెప్పే జాగ్రత్తలో, రెండు నిమిషాలవి వినిపించండి. ఎవరు, ఎక్కడ, ఏం అడిగారో చెప్పమనండి. మళ్లీ వినిపించండి. రాతప్రతి ఆఖర్న ఇవ్వండి. మన దేశపు గొంతులూ, బయటి గొంతులూ రెండూ ఉండాలి.

విద్యాశాఖ పెద్దలారా, పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో వినికిడికి కనీసం పది మార్కులు పెట్టండి. తల్లిదండ్రులారా, మీ పిల్లల బడికి వెళ్లి, ఈ వారం ఇంగ్లీషు ఎంతసేపు వినిపించారో అడగండి. జవాబు వచ్చేదాకా కదలకండి.