గోలెంలో ఫౌంటెన్

తెల్లచొక్కా ఉతికి మేడమీద ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు చొక్కా చేతికొచ్చే ఊరు మాది. గోదావరిఖనిలో కాపురం చేసినవాళ్లకి ఇదేం కొత్త సంగతి కాదు. అలాంటి ఊళ్లో, అదీ మే నెల ఎండలో, పెరట్లో ఫౌంటెన్ పెడతానని మా మామయ్య అన్నప్పుడు నేను నవ్వానంటే తప్పు నాది కాదు కదా!

మామయ్య బొగ్గుబాయిలో పంపు నడిపిన మనిషి. ముప్పై ఏళ్లకు పైగా భూమిలోపల మోటార్ల హోరు పక్కనే నిలబడి, సగం చెవుడు తెచ్చుకున్నారు. రిటైరయ్యాక పెరట్లో నాలుగు మల్లె పొదలు, ఓ కరివేపాకు చెట్టు, మందారం... అవే లోకం. వాటి మధ్యలో అత్తయ్య కాలంనాటి సిమెంటు గోలెం ఒకటి ఖాళీగా పడుంది. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. దాని మీద ఆయన కన్ను పడింది.

మొదట మా అబ్బాయి ఫోన్లో వెతికి ఓ బుల్లి ఫౌంటెన్ తెప్పించాడు. తామరాకులా నీళ్లమీద తేలుతుంది. పైన సోలార్ పలక, దానికిందే బొటనవేలంత పంపు. బ్యాటరీ లేదు, వైరు లేదు, ఎండ తగిలితే చిమ్ముతుంది. మొదటి రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూశాం. ముచ్చట సరిగ్గా వారం! ఆ నీళ్లు దాని పలకమీదే పడి, ఆరి, తెల్లటి మచ్చలు కట్టాయి. గాలికి గోలెం అంచుకి కొట్టుకుపోయి నీళ్లన్నీ బయటికి చిమ్మింది. మేమంతా పెళ్లికి పోయొచ్చేసరికి గోలెం అడుగంటింది, పంపు మాడిపోయింది. ఈ చిన్న పంపుల్లో లోపలి ఇరుసుకి నీళ్లే నూనె, నీళ్లే చలవ. నీళ్లు లేకుండా తిరిగితే అంతే సంగతులు.

పోతే పోయిందనుకున్నాను. మామయ్య అనుకోలేదు. ‘పంపుది తప్పు గాదు బిడ్డా, పెట్టినోళ్లది తప్పు’ అన్నారు. రెండోసారి పలక వేరుగా, పంపు వేరుగా ఉండేది తెచ్చారు. 10 వాట్ల పలక, అయిదు మీటర్ల వైరు, పిడికిలంత పంపు. 3 వేల రూపాయల లోపే అయింది. ఆ రోజు నుంచీ పని ఆయనది, చూడటం నాది.

పలకని మేడమీద నేలకు ఆనించి పెట్టబోతే ఆయన ఒప్పుకోలేదు. దక్షిణం వైపు మొహం పెట్టి, వెనక అంచు కింద ఇటుక ముక్క దూర్చారు. రామగుండం ఉన్నది దాదాపు 19 డిగ్రీల అక్షాంశం మీద, వాలు కూడా అంతే ఉండాలి. కొలిచే సాధనం లేకపోయినా ఫర్వాలేదు, పలక పొడుగులో మూడో వంతు ఎత్తు లేపితే సరిపోతుంది. వెనక గాలి ఆడటం కూడా ముఖ్యమే. ఎండ ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ పుడుతుందని నేననుకునేదాన్ని. వెలుగు వరకు నిజమే. వేడి మాత్రం దానికి శత్రువు. పలక 25 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం కరెంటు తగ్గుతుంది. మా మేడమీద మే నెల మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు కాలిందనుకోండి, ఆరో వంతు హారతి కర్పూరమే.

ఆ మాటకొస్తే, మా పక్కనే రామగుండం ఎన్టీపీసీ వాళ్లు చేసింది అదే. రిజర్వాయరు నీళ్లమీద దాదాపు 500 ఎకరాల్లో పలకలు పరిచారు. 100 మెగావాట్ల ఆ తేలియాడే సోలార్ కేంద్రం 2022 జులై నుంచి పూర్తిగా నడుస్తోంది. కింద నీళ్లుంటాయి కాబట్టి పలకలకు చల్లదనం, పైన పలకలుంటాయి కాబట్టి నీళ్లు ఆవిరి కావడం తక్కువ. పక్కనే 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం పొగ వదులుతూనే ఉంటుంది. ‘బొగ్గు తవ్వి బతికిన ఊరు, ఎండను గూడ తవ్వుతాంది’ అంటారు మామయ్య.

సరే, మన గోలెం దగ్గరికొద్దాం. పంపుని అడుగున పెట్టకూడదు, అడుగునే మట్టి, బొగ్గు పొడి దిగేది. అందుకని ఇటుక మీద కూర్చోబెట్టి, నీళ్లు పీల్చే జాలీకి పాత దోమతెర గుడ్డ చుట్టారు. చిమ్మే ఎత్తు మధ్య నుంచి గోలెం అంచుకున్న దూరాన్ని మించకూడదు. మాకది అడుగున్నర. మించితే గాలికి నీళ్లు బయటే. ఇంత చేసినా వేసవిలో రోజుకో బిందె తగ్గుతుంది. నల్లా నీళ్లు పొయ్యాలంటే నాకు మనసొప్పలేదు. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తున్నాం. వాటిలో ఉప్పులు లేవు, రంధ్రాల్లో తెల్లపొర కట్టదు. మామూలు నీళ్లు పోసేవాళ్లు నెలకోసారి ఆ మూతిని నిమ్మరసం కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టండి.

ఓ రోజు ఎండ బాగానే ఉంది, నీళ్లు మాత్రం లేవట్లేదు. పాడైందని మా అబ్బాయి వైరు పీకబోయాడు. మామయ్య వచ్చి గోలెం గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. ‘తిరుగుతాంది, గుంజుతలేదు. గాలి పట్టింది’ అన్నారు. పంపుని నీళ్లలోనే పక్కకి వంచి అటూ ఇటూ ఊపితే నాలుగు బుడగలు పైకొచ్చాయి. మరుక్షణం ధార లేచింది. చెవులు పోయినాయనకి చెయ్యే చెప్పింది! ఇంకోసారి జాలీ నిండా నాచు. మరోసారి లోపలి చక్రానికి వెంట్రుక చుట్టుకుంది. బాయిలో వేల లీటర్లు తోడే పంపుకైనా, ఈ పిడికెడు పంపుకైనా రోగాలు అవేనట.

నీళ్లంటే ఆయనకి వేడుక కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు గురించి ఆయనెప్పుడూ మాట్లాడరు, మేమూ అడగం. నీళ్లు తోడేయడమే ఉద్యోగంగా బతికిన మనిషి, నీళ్లు పైకి చిమ్ముతుంటే పొద్దున్నే కుర్చీ వేసుకు కూర్చోవడం నాకు మాత్రం వింతగానే ఉంటుంది.

ఇక మా ఇద్దరికీ తగువొచ్చిన సంగతి. జులైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. బ్యాటరీ లేని ఫౌంటెన్ కదా, ధార చచ్చిపోయింది. నీళ్లు నిలవున్నాయి. అంతకుముందు ఏడాది వానల్లోనే మా చిన్నదానికి డెంగీ వచ్చింది. ఆస్పత్రిలో ప్లేట్‌లెట్ల లెక్కకోసం మెట్లమీద కూర్చున్న రాత్రులు నేను మర్చిపోలేదు. ఆ మాయదోమ పుట్టేది మురిక్కాలవలో కాదు, మంచినీళ్లలో. కూలరు, కుండీ కింద పళ్లెం, ఇదిగో ఇలాంటి గోలెం. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. ‘పంపు తిరుగుతాంటే దోమ గుడ్డు పెట్టది గద’ అన్నారాయన. తిరిగితే నిజమే, చాలావరకు. కానీ దోమలు ముసిరే కాలంలోనే ఎండ ఉండదు, ఎండ లేకపోతే ఇది తిరగదు. పైగా సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఎలాగూ ఆగే ఉంటుంది. నేను మాట్లాడకుండా బకెట్ తీసి గోలెం మొత్తం ఖాళీ చేశాను. మామయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు ఆయనే వచ్చి ‘శుక్రారం శుక్రారం ఇడుస్తే అయితదా?’ అని అడిగారు. అయితది. వారానికోసారి అంటే దోమ రెక్కలు రాకముందే అన్నమాట. అయితే నీళ్లు పారబోస్తే చాలదు. గుడ్లు గోడకి, నీటి అంచుకి కాస్త పైన అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలలతరబడి బతుకుతాయి. కొబ్బరిపీచుతో గోడంతా గట్టిగా తోమాలి. సబ్బు, ఫినాయిల్ వద్దు, బుల్‌బుల్ పిట్టలూ పిచ్చుకలూ వచ్చి తాగుతున్నాయి. తీసిన నీళ్లు మల్లెలకి, కరివేపాకుకి. చేపలు వేద్దామని మా అబ్బాయి అన్నాడు. దోమపిల్లల్ని తినే గంబూసియా చేపలుంటాయి. కానీ వారంవారం వాటిని పట్టి తీసి పెట్టేదెవరు? పొరపాటున చెరువులోకి చేరితే అక్కడి చేపలకీ చేటే. నేను వద్దన్నాను.

పలక శుభ్రం కూడా శుక్రవారమే పెట్టుకుందామనుకున్నాం కానీ కుదరలేదు. మా దుమ్ముకి రెండు రోజులే గడువు. తెల్లవారుజామున, పలక చల్లగా ఉన్నప్పుడు నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో తుడవాలి. పొడిగుడ్డతో రుద్దితే బొగ్గు నలుసులు అద్దాన్ని గీరేస్తాయి. మధ్యాహ్నం కాలుతున్న పలకమీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం. ఆకు నీడ పడకుండా కూడా చూసుకోండి. ఒక్క మూల నీడ పడ్డా పంపు సగానికి సగం నీరసపడుతుంది. మా వేపకొమ్మ ఒకటి అందుకే నరికించాల్సి వచ్చింది, అదొక్కటే నాకు నచ్చలేదు.

తుడిచిన గుడ్డ పిండితే నల్లటి నీళ్లు. మామయ్య అవి చూసి నవ్వుతారు, మంచం మీంచి లేవగానే ఆ పని ఆయనదే. శుక్రవారం గోలెం తోమే వంతు మాత్రం ఇప్పుడు మా అబ్బాయిది. వాడు ఏడింటికి లేవాలి ముందు!